కొబ్బరి మట్టల సైకిలూ, డ్రైవరు లేని కారూ

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా బాబాయి అడిగిన ప్రశ్న ఒకటి నన్ను ఇంకా వదల్లేదు. మాది ఓడలరేవు. అల్లవరం మండలం, వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోటు. బయటివాళ్ళకి ఓఎన్‌జీసీ టెర్మినల్ ఉన్న ఊరంటే తెలుస్తుంది. బాబాయికి ఓ పాత కారుంది, అమలాపురంలో కిరాయిలకి తోలతాడు. నేనేమో హైదరాబాదులో, కారుకి ఎదురుగా ఏముందో కెమెరా బొమ్మల్లోంచి గుర్తుపట్టే సాఫ్టువేరు మీద పని చేస్తుంటాను.

"ఏరా అబ్బాయ్, డ్రైవరు లేకుండానే నడిచే కార్లంట గదా! అయి మన రోడ్డు మీదకొస్తే ఎదర మనిషిని చూసి ఆగుతాయంటావా?" అన్నాడు.

"ఆగుతాయి బాబాయ్, మేమంతా పని చేసేది అందుకే కదా" అన్నాను గొప్పగా.

సరిగ్గా అప్పుడే మా ముందు నుంచి ఓ సైకిలు వెళ్ళింది. వెనకా పక్కలా కొబ్బరి మట్టలు. తొక్కే మనిషి కనపడడు, మట్టలే నడిచి వెళ్తున్నట్టుంటుంది. కోనసీమలో పుట్టినవాళ్ళకి ఇదేం వింత కాదు. నాకు మాత్రం గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఎందుకంటే అంతకు కొన్ని నెలల ముందు ఇలాంటి వీడియో ఒకటి మా టెస్టింగులో వచ్చింది. మా ప్రోగ్రాము దాన్ని 'చెట్టు' అంది. చెట్లు రోడ్డుకి అడ్డం రావు కాబట్టి పట్టించుకోలేదు. "అరుదైన కేసు, ఇప్పటికి వదిలెయ్యొచ్చు" అని రాసి ఆ టికెట్ మూసింది ఎవరో కాదు, నేనే!

హైదరాబాదు తిరిగొచ్చాక ఈ కార్ల చరిత్ర మొదట్నుంచీ చదువుకుంటూ కూర్చున్నాను. చదివేకొద్దీ నాకు తోచిందేమిటంటే, ఇది ఈ 'అరుదైన కేసుల' చరిత్రే.

ఈ కథలో మనవాడూ ఒకాయన ఉన్నాడు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైతే దానికి తొలి డైరెక్టరు ఆయనే. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆ యూనివర్సిటీలోనే 1980లలో నావ్‌ల్యాబ్ అనే వ్యాను తయారైంది. ఇవాళ మనం డీప్ లెర్నింగ్ అంటూ చంకలు గుద్దుకుంటున్నాం గానీ, 1989కే అక్కడ న్యూరల్ నెట్‌వర్క్‌తో స్టీరింగు తిప్పించారు.

1995 జులైలో ఇద్దరు పరిశోధకులు పిట్స్‌బర్గ్ నుంచి శాన్ డియాగో దాకా దాదాపు 4,500 కిలోమీటర్లు ఓ వ్యానులో వెళ్ళారు. అందులో 98 శాతం దూరం స్టీరింగు తిప్పింది కంప్యూటరే. యాక్సిలరేటరూ బ్రేకూ మాత్రం మనుషులవే. వినగానే "ఇంకేం, అయిపోయింది" అనిపిస్తుంది. మిగతా రెండు శాతం ఎంతో లెక్కేస్తే 80 కిలోమీటర్ల పైమాటే. అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్ళేదానికన్నా ఎక్కువ దూరం! ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళుగా ప్రపంచమంతా కుస్తీ పడుతున్నది ఆ రెండు శాతంతోనే.

2004లో అమెరికా రక్షణ శాఖకి చెందిన దార్పా ఎడారిలో పోటీ పెట్టింది. సుమారు 240 కిలోమీటర్ల దారి. ఒక్క బండీ పూర్తి చెయ్యలేదు. అన్నిటికన్నా బాగా నడిచినది 12 కిలోమీటర్లకే ఆగిపోయింది. మర్నాటి ఏడు, 2005లో, ఐదు బండ్లు గమ్యం చేరాయి. ఈ ఊపు చూసి 2009లో గూగుల్ రంగంలోకి దిగింది. అదే తర్వాత వేమో అయింది. 2020 అక్టోబరు నుంచి ఫీనిక్స్‌లో డ్రైవరు లేని టాక్సీని మామూలు జనం కూడా ఎక్కుతున్నారు.

మధ్యలో 2018 మార్చి 18 రాత్రి ఒకటి ఉంది. అరిజోనాలోని టెంపీలో, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న 49 ఏళ్ళ ఆవిణ్ణి ఊబర్ టెస్టు కారు గుద్దేసింది. చనిపోయింది. దర్యాప్తు నివేదిక చదివితే మన వృత్తిలో ఉన్నవాళ్ళకి చెమటలు పడతాయి. కెమెరాలూ సెన్సర్లూ ఏవీ చెడిపోలేదు. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే ఆవిణ్ణి పట్టుకున్నాయి. కానీ సాఫ్టువేరు ఒకసారి వాహనం అంది, ఒకసారి ఇంకేదో అంది, ఒకసారి సైకిలు అంది. పేరు మార్చిన ప్రతిసారీ అంతకుముందు అటు నుంచి ఇటు వస్తోందన్న చరిత్ర చెరిపేసి మళ్ళీ మొదటికొచ్చింది. అసలు జీబ్రా గీతలు లేనిచోట మనిషి రోడ్డు దాటతాడన్న ఆలోచనే ఆ డిజైన్‌లో లేదు. ఆపాల్సిన డ్రైవరేమో సెల్‌ఫోన్‌లో వీడియో చూస్తోంది.

ఇది చదువుతుంటే నాకు మా వైనతేయ అవతలి ఒడ్డు గుర్తొచ్చింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున, మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలింది. ఇరవైమందికి పైగా కాలిపోయారు. అప్పటికి నేను ఇంటర్. మా వైపు ఆ పొద్దుటిని మర్చిపోయినవాడు లేడు. విచారణలో తేలిందేమిటి? ఆ పైపు డిజైన్ చేసింది పొడి గ్యాసుకి. అందులో పంపింది తడి గ్యాసు. నీళ్ళు చేరి పైపు లోపల తుప్పు తినేసింది. డిజైన్ కాగితంలో రాసుకున్న ఊహ ఒకటి, నిజంగా జరిగింది ఇంకొకటి. ఆ తేడా ఊరి మీద పడింది.

టెంపీలో జరిగిందీ అదే కదా! పైపుకి తడి గ్యాసు ఎలాగో, ఆ కారుకి గీతలు లేనిచోట రోడ్డు దాటే మనిషి అలాగ. నా ప్రోగ్రాముకి కొబ్బరి మట్టల సైకిలూ అంతే.

ఇంతకీ నేను ఈ కార్లకి వ్యతిరేకినా? కాదండీ. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. మనిషి గొప్ప డ్రైవరేం కాదు. వేమో వాళ్ళు 2025లో ప్రచురించిన లెక్క ప్రకారం, 5.67 కోట్ల మైళ్ళలో పాదచారులకి గాయాలైన ప్రమాదాలు మనుషులు నడిపినదానికన్నా 92 శాతం తక్కువ. కంపెనీ సొంత లెక్కే అనుకున్నా, కొట్టిపారెయ్యలేం. కాకపోతే అది ఆ ఊళ్ళ లెక్క, ఆ రోడ్ల లెక్క. ధాన్యం ఆరబోసిన రోడ్డూ, కనుమనాడు జగ్గన్నతోటకి భుజాల మీద కదిలే ప్రభలూ అందులో లేవు.

మనవాళ్ళు ఈ సంగతి గ్రహించారు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ నుంచి వచ్చిన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌లో మన రోడ్ల బొమ్మలు పదివేలు ఉన్నాయి. విదేశీ డేటాలో లేని ఆటోకి అందులో సొంత పేరుంది! ఐఐటీ హైదరాబాదులో తిహాన్ అని ఈ పరిశోధనకే ఓ కేంద్రం పెట్టి, 2022లో టెస్టు ట్రాకు తెరిచారు. 2025లో క్యాంపస్ లోపల డ్రైవరు లేని బస్సులు నడిపారు. గేటు లోపల మొదలెట్టడం తెలివైన పని. ఊహలు గేటు లోపల ఉన్నంతసేపూ ప్రమాదం తక్కువ.

కాబట్టి నా అంచనా ఇది. క్యాంపస్సులూ, పోర్టులూ, గనులూ ముందు. తర్వాత ఎప్పటికో ఎక్స్‌ప్రెస్ హైవేలు. మా అల్లవరం రోడ్డు చిట్టచివర. మా బాబాయి కిరాయిలకి ఇప్పట్లో ఢోకా లేదు. నితిన్ గడ్కరీ గారు 2017లోనూ 2023లోనూ డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయని ఈ కార్లు రానివ్వనన్నారు. అది ఉపాధి మాట. నేనడిగేది ప్రాణాల మాట. ఈ కార్లొచ్చే రోజున కొబ్బరి మట్టల మనిషి ఎవరి లెక్కలో ఉంటాడు? మనం 'అరుదు' అని రాసే ప్రతి కేసూ ఎక్కడో ఒకరి రోజువారీ బతుకు. డేటాలో అరుదంటే, అక్కడికి మనం కెమెరా పట్టుకుని వెళ్ళలేదని అర్థం, అంతే.

సోమవారం ఆఫీసుకెళ్ళి ఆ టికెట్ మళ్ళీ తెరిచాను. మా ఊళ్ళో ఫోనుతో తీసిన వీడియోలు పదకొండు జతచేశాను. "రిలీజు వాయిదా పడుద్దేమో" అన్నాడు మా మేనేజరు. పడనీ అన్నాను. ఇంకా తేలలేదు.

బాబాయికి ఫోన్ చేసి, "నేను ఆరోజు అబద్ధం చెప్పాను బాబాయ్, ఇప్పుడైతే ఆగదు" అన్నాను. "అదీ మాట! ఆగినప్పుడు చెప్పు, ఎక్కి చూత్తాను" అన్నాడు.

మీరూ ఓసారి మీ మూసేసిన టికెట్లు తిరగేసి చూడండి. 'అరుదు' అన్న మాట ఎన్నిచోట్ల ఉందో.