బాన్‌తలా తొట్లు మూలపడ్డాక

పక్కనే హుగ్లీ పారుతున్నా మన కలకత్తా మురుగు అటు పోదు. ఊరి వాలు తూర్పుకి. 19వ శతాబ్దంలో ఇంజనీరు విలియం క్లార్క్ ఆ వాలును నమ్ముకునే భూగర్భ కాలువలు వేయించాడు. పామర్స్ బ్రిడ్జి పంపింగ్ స్టేషన్ దాటాక మురుగు విద్యాధరి నదిలో కలిసేది. ఆ నది పూడిపోయింది. 1928లో ప్రభుత్వమే దాన్ని మృతనదిగా ప్రకటించింది. అప్పుడు కార్పొరేషన్ ఇంజనీరు డాక్టర్ బి.ఎన్. డే మురుగుకొకటి, వాననీటికొకటి కాలువలు తవ్వించి, దూరాన ఉన్న కుల్టీ నదికి దారి మళ్లించారు. 1943 నాటికి పని పూర్తయింది. దారిలో బాన్‌తలా దగ్గర మడ్డి అడుక్కి దిగేలా తొట్లు కట్టారు.

ఆ తొట్లు ఏనాడో మూలపడ్డాయి. అయినా ఊరు ముక్కు మూసుకోలేదు.

ఎందుకంటే కాలువకు అటూ ఇటూ భేరీలనే చేపల చెరువులున్నాయి. విద్యాధరి ఎండుతూ ఉప్పునీరు రావడం తగ్గిపోయాక, జాలర్లు మురుగునీటిలోనే చేపలు పెంచడం నేర్చుకున్నారు. పని చూస్తే తేలిగ్గానే కనిపిస్తుంది, కానీ నేర్పు కావాలి. చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, తూము ఎత్తి మురుగు పెడతారు. అది ఎండకు కాగాలి. బాక్టీరియా మలినాన్ని విడగొడుతుంది. పచ్చని నాచు ఆ ఎరువు తిని ప్రాణవాయువు వదులుతుంది. నీళ్ల రంగు చూసి, ఇక చాలు అనుకున్నాకే రోహు, బొచ్చె పిల్లల్ని వదులుతారు. ఆ తర్వాత నీళ్లు కొద్దికొద్దిగానే. గట్టు వెంబడి గుర్రపుడెక్కను వెదురుతో కట్టి ఉంచుతారు: అది అలల దెబ్బకు గట్టు కోసుకుపోకుండా కాస్తుంది, నీటిలోని లోహాలను కొంత పీల్చుకుంటుంది. లోతు ఎక్కువ ఉండకూడదు, అడుగుదాకా ఎండ తగలాలి.

1980లలో ప్రభుత్వ ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ ఊరి మురుగు ఏమవుతోందో వెతుక్కుంటూ వెళ్లి ఈ విద్యను లోకానికి చూపించారు. 1992లో కలకత్తా హైకోర్టు ఈ తడినేలల్లో కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. 2002 ఆగస్టు 19న 12,500 హెక్టార్లు అంతర్జాతీయ తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కాయి. మన కొల్లేరు కూడా అదే రోజున ఎక్కింది.

ఇక్కడ తెలుగువాళ్లు ఒక సంగతి గమనించాలి. 2006లో కొల్లేరును కాపాడడానికి చేపల చెరువుల గట్లు కొట్టించారు. అదే ఏడు బెంగాల్ చేసిన చట్టం చేపల చెరువులను కాపాడడానికి. రెండూ సరైనవే. కొల్లేరులో చెరువు సరస్సు నోరు నొక్కింది, ఇక్కడ చెరువే తడినేలను బతికించింది. చెరువుల మీద ఒకే తీర్పు ఇచ్చేవాళ్లను నేను నమ్మను.

కలకత్తా పురసేవల చరిత్రలో పంపింగ్ స్టేషన్ల పక్కన భేరీ కూలీలకూ చోటు దక్కాలి. మూలపడిన తొట్ల పని తలకెత్తుకున్నది వాళ్లే. ఇప్పుడు వాళ్ల కష్టం నీటి మట్టంతో. బాన్‌తలా గేటు దగ్గర మట్టం నిలిస్తేనే మురుగు పల్లానికి పారి చెరువులకు అందుతుంది. కాలువలు పూడితే, ఊరి ముంపు తీర్చడానికి గేట్లు ఎత్తేస్తే, ఎగువ భేరీలకు నీళ్లందవు. అందని చెరువు ఎండుతుంది, ఎండిన చెరువు మీద ప్లాటు రాళ్లు లేస్తాయి. కాబట్టి పూడిక తీతకు ఏటా డబ్బు కేటాయించాలి, ఆ మట్టం ఎంత ఉండాలన్న నిర్ణయంలో జాలర్ల మాట వినాలి.