వేలిముద్ర పడినంత మాత్రాన ఒప్పందమా?

ఆలేరులో ఒక పెద్దాయన నాతో చెప్పిన సంగతితో ఈ వ్యాసం మొదలుపెడతాను. ఆయనకు డెబ్బయి ఏళ్లు దాటినవి. పదేళ్ల ప్రాయంలో, తండ్రి చేసిన అప్పు కింద, ఒక ఆసామి ఇంట జీతానికి కుదిరాడు. అప్పు ఎంతో, తీరినదెంతో ఆయనకు నేటికీ తెలియదు. "ఎందుకు వెళ్లిపోలేదు?" అని అడిగాను. "కాయిదం మీద మా నాయిన ఏలిముద్ర ఏసిండు గద సారూ, మాట తప్పితే ఎట్ల?" అన్నాడు.

ఈ జవాబు నన్ను కలతపెట్టింది. భయం వల్ల ఉండిపోయానని ఆయన అనలేదు. మాట కోసం ఉండిపోయానన్నాడు. పీడితుని నిజాయితీనే పీడనకు సంకెలగా మార్చిన ఆ కాగితం నిజంగా ఒప్పందమేనా?

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం పదవ సెక్షను ఈ ప్రశ్నకు కొలతలు ఇస్తున్నది. కుదుర్చుకొన్నవారికి అర్హత ఉండాలి. వారి సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి. ప్రతిఫలమూ ఉద్దేశమూ ధర్మసమ్మతమై ఉండాలి. చట్టం చెల్లదని ప్రకటించినదై ఉండకూడదు. ఇవన్నీ కుదిరినప్పుడే కోర్టు దానిని అమలుపరుస్తుంది. సమ్మతి అంటే ఏమిటో పదమూడవ సెక్షను చెబుతున్నది: ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో అంగీకరించటం.

ఇక మన ప్రాంతపు చరిత్ర చూద్దాం. నిజాం రాజ్యంలో రెండు రకాల నిర్బంధ శ్రమ ఉండేది. వెట్టికి కాగితం అక్కరలేదు. కులమూ, దొర గడీ, పటేలు పట్వారీల అధికారమూ చాలు. భగేలా సంగతి వేరు. అక్కడ అప్పు ఉంటుంది, షరతు ఉంటుంది, చాలాచోట్ల వేలిముద్ర కూడా ఉంటుంది. అంటే భగేలా ఒప్పందపు దుస్తులు తొడుక్కొన్న వెట్టి. కోర్టు భాష ఉర్దూ, జీతగాని భాష తెలుగు. ఆ తెలుగైనా అతనికి చదవరాదు. లెక్క రాసేవాడు అప్పిచ్చినవాడే. ఇద్దరూ ఒకే అర్థంలో అంగీకరించారని ఏ నోటితో అనగలం?

ఇంగ్లీషు పాలిత ప్రాంతాలలో అంతా బాగుండెనని భ్రమపడనక్కరలేదు. బయానా తీసుకొని పని మానిన కార్మికుని జైలుకు పంపే చట్టం 1859లో వచ్చింది. 1925లో గాని రద్దు కాలేదు. సమాజం పుట్టుకతో వచ్చే హోదా నుంచి ఒప్పందం వైపు సాగుతున్నదని హెన్రీ మెయిన్ 1861లో సిద్ధాంతీకరించాడు. మరుసటి ఏడే వైస్రాయి ప్రభుత్వంలో న్యాయ సభ్యుడుగా ఇక్కడికి వచ్చాడు. ఆయన ఇక్కడున్న కాలమంతా ఈ చట్టం అమలులోనే ఉన్నది. బీహారు, ఒరిస్సాలలో కమియా ఒప్పందాలను 1920లో కట్టడి చేశారు. పిల్లల శ్రమను తాకట్టు పెట్టే ఒప్పందాలు చెల్లవని 1933లో చట్టం చేశారు. నిజాం ప్రభుత్వమూ భగేలా ఒప్పందాల మీద ఒక చట్టం చేయక తప్పలేదు. అయినా గడీ గుమ్మం దాటి లోపలికి పోగల బలం ఆ చట్టానికి లేకపోయింది.

ఆ బలం ప్రజల నుంచి వచ్చింది. 1944లో ఆలేరుకు దగ్గరనే ఉన్న భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగింది. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. 1952 ఎన్నికలలో ఆలేరు ప్రజలు ఆరుట్ల కమలాదేవిని శాసనసభకు పంపారు. అంతకు ముందటి ఏడే, 1951లో, భారత కాంట్రాక్టు చట్టం హైదరాబాదు రాష్ట్రానికి వర్తించింది. అప్పటికే రాజ్యాంగం ఇరవై మూడవ అధికరణం వెట్టిని నిషేధించింది. అయినా పైన చెప్పిన పిల్లవాడు ఆ తరువాతనే గొడ్ల వెంట వెళ్లాడు!

కారణమేమిటి? చట్టంలోనే ఒక మెలిక ఉన్నది. పదహారవ సెక్షను ప్రకారం, ఎదుటివాని మీద పెత్తనం గలవాడు దానిని వాడుకొని అన్యాయమైన లాభం పొందితే అది అనుచిత ప్రభావం. అయితే అటువంటి ఒప్పందం దానంతటది చెల్లకుండా పోదు. నష్టపోయినవాడు కోరుకొంటేనే రద్దు అవుతుంది. తాళంచెవి బలహీనుని చేతికే ఇచ్చారు, నిజమే. తాళం మాత్రం భువనగిరి కోర్టులో ఉన్నది. ఒక్కరోజు పని మానలేని జీతగాడు అక్కడికి ఎలా చేరుకొంటాడు? "చెల్లనిది", "చెల్లకుండా చేసుకోదగినది" అనే రెండు మాటల మధ్య దూరం వకీలుకు వ్యాకరణం. జీతగానికి అది జీవితకాలం.

ఆ దూరాన్ని తగ్గించింది 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం. 1975 అక్టోబరు 25 నుంచే అది అమలులోకి వచ్చినట్లు లెక్క. వెట్టికి కట్టిపడేసే ఒప్పందం ఏదైనా సరే చెల్లదన్నది. ఆ అప్పు తీర్చవలసిన బాధ్యతనే రద్దుచేసింది. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసే భారం అప్పిచ్చినవాని మీద పెట్టింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు మరొక అడుగు వేసింది. ఆకలి, దారిద్ర్యం వల్ల మరో దారి లేక కనీస వేతనం కన్న తక్కువకు పనిచేయటం కూడా నిర్బంధ శ్రమే అన్నది.

కాంట్రాక్టు చట్టం ఆస్తిపరుల చట్టమేగదా, దానితో మనకేమి పని అనే మిత్రులు లేకపోలేదు. శ్రమను అమ్ముకొనేవాడు స్వేచ్ఛాపరుడనటంలోని ఎకసెక్కాన్ని మార్క్సు ఏనాడో బయటపెట్టాడు. నేను కాదనను. కాని స్వేచ్ఛ లేని సమ్మతి సమ్మతి కాదన్న సూత్రాన్ని వాళ్లకే వదిలివేయటం మన ఆయుధాన్ని మనమే పారవేయటం. ఈనాటికీ ఇటుక బట్టీలకు బయానాలు తీసుకొని పోయే కుటుంబాలున్నవి. వారికి చదివి వినిపించవలసిన సెక్షన్లివి. విద్యార్థులు, ఉపాధ్యాయులు చేయదగిన పని ఇది.

ఇదంతా ఆలేరు పెద్దాయనకు నాకు చేతనైన తెలుగులో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "అయితే మా నాయిన మాట తప్పినట్టు కాదన్నట్టు" అన్నాడు. కాదన్నాను. "గప్పుడు చెప్పెటోడు లేకపాయె" అన్నాడు.