విద్యుత్ కొలిమి ఎలిమెంట్లు

విద్యుత్ నిరోధ కొలిమిలో వేడి పుట్టించే తీగను, పట్టీని లేదా కడ్డీని ఎలిమెంట్ అంటారు. ఏ ఎలిమెంట్ వాడాలో చేసే పనిని బట్టి ఉంటుంది. ఉదాహరణకు బొగ్గు పరీక్షను చూద్దాం. హైదరాబాద్ అడిక్‌మెట్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణకు ఆనుకుని ఉన్న తార్నాకలో 1944లో ఒక పరిశోధనశాల మొదలైంది. 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగా మారి, 1989 నుంచి భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా ఉన్న ఈ సంస్థ సింగరేణి బొగ్గు మీద చాలాకాలం పనిచేసింది. బొగ్గులో బూడిద ఎంతో తేల్చాలంటే భారత ప్రమాణం ప్రకారం నమూనాను మఫుల్ కొలిమిలో, అంటే ఎలిమెంట్‌కూ నమూనాకూ మధ్య గోడ ఉండే కొలిమిలో, 815 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చాలి.

ఆ వేడికి నిక్రోమ్ అనే మిశ్రమలోహపు ఎలిమెంట్ చాలు. అంతకుముందు ప్రయోగశాలల్లో ఖరీదైన ప్లాటినం తీగ వాడేవారు. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ నికెల్-క్రోమియం మిశ్రమలోహానికి పేటెంట్ పొందాక ఆ బాధ తప్పింది. 80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం కలిసిన తీగ ఎర్రగా కాలినప్పుడు పైన క్రోమియం ఆక్సైడ్ పొర కట్టి లోపలి లోహాన్ని కాస్తుంది. 1200 డిగ్రీల దాకా ఫరవాలేదు. కానీ గంధకం పడదు. గంధకం ఉన్న బొగ్గు పొగ తగిలితే నికెల్ చెడుతుంది. తీగకూ నమూనాకూ మధ్య మఫుల్ గోడ ఉండటంలోని మేలు ఇదే.

1920లలో స్వీడన్‌లో హాన్స్ ఫాన్ కాంట్సో ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపి చేసిన కాంథాల్ 1400 డిగ్రీలకు ఆగుతుంది. అయితే ఒకసారి బాగా కాలాక పెళుసెక్కుతుంది, చల్లగా ఉన్నప్పుడు వంచితే పుటుక్కుమంటుంది. సిలికాన్ కార్బైడ్ కడ్డీలు 1600 దాకా పోతాయి. వాడేకొద్దీ వాటి నిరోధం పెరుగుతుంది కాబట్టి పాత కడ్డీల వరుసలో కొత్తది కలపకూడదు.

ఎంపికలో ఉష్ణోగ్రత కన్నా కొలిమి లోపలి వాయువుదే పెద్ద మాట. మాలిబ్డినం డైసిలిసైడ్ ఎలిమెంట్ గాలిలోనే బాగుంటుంది. ఆక్సిజన్‌తో పైన గాజులాంటి సిలికా పొర కడుతుంది. వట్టి మాలిబ్డినం సంగతి పూర్తిగా వేరు. 2623 డిగ్రీలకు గాని కరగని ఈ లోహం, కాలుతుండగా గాలి తగిలితే తెల్లని పొగై ఎగిరిపోతుంది. హైడ్రోజన్‌లో మాత్రం నిక్షేపంగా ఉంటుంది. తార్నాకకు దూరం కాని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ 1971లో ఏర్పడింది. అక్కడ తయారయ్యే యురేనియం డయాక్సైడ్ బిళ్లలను హైడ్రోజన్‌లో 1700 డిగ్రీల దరిదాపుల్లో కాల్చి గట్టిపరుస్తారు. మాలిబ్డినం ఎలిమెంట్లకు తగిన పని అదే. అలాంటి కొలిమిని పూర్తిగా చల్లారేదాకా తెరవరు.