సహజ నానోతంతువుల పరావర్తన నిరోధక పూతలు

చెక్క గుజ్జు నుంచో పీత డొప్పల నుంచో తీసిన నానోతంతువులను గాజు మీదో ప్లాస్టిక్ మీదో పలుచగా పరిచి, వెలుగు వెనక్కి మళ్లకుండా చేసే పూతలివి. పూత లేని గాజు ఒక్కో ముఖం దగ్గర దాదాపు 4 శాతం వెలుగును తిప్పికొడుతుంది. పది ముఖాలున్న కెమెరా కటకంలో మూడోవంతు అలాగే పోతుంది. గాజు వక్రీభవన గుణకం, అంటే వెలుగును ఎంత వంచుతుందన్న కొలత, 1.52. దాని వర్గమూలమైన 1.23 గుణకం గల పదార్థాన్ని పూత లోపలి వెలుగు తరంగదైర్ఘ్యంలో నాలుగోవంతు మందాన, అంటే సుమారు 110 నానోమీటర్లు పూస్తే, పూత పైముఖం నుంచీ అడుగు నుంచీ తిరిగొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. చిక్కేమిటంటే, అంత తక్కువ గుణకమున్న గట్టి పదార్థం దొరకదు. విరివిగా వాడే మెగ్నీషియం ఫ్లోరైడ్‌దే 1.38. చెక్కలోని సెల్యులోజ్, పీత డొప్పల్లోని కైటిన్‌లకు గాజు కన్నా ఎక్కువ, 1.55 దరిదాపుల్లో ఉంటుంది. అయినా అవి పనిచేస్తున్నాయంటే ఆ ఘనత తంతువులది కాదు, వాటి మధ్య చిక్కిన గాలిది.

చరిత్ర చెప్పేదీ ఇదే. పాతబడి మసకబారిన గాజు కొత్త గాజు కన్నా ఎక్కువ వెలుగును పోనిస్తుందని భౌతిక శాస్త్రవేత్త రాలీ 1886లో గమనించాడు. 1935లో కటకాలు చేసే జైస్ సంస్థలో స్మకులా శూన్యంలో ఆవిరి పూతను రూపొందించాడు. ఈ కథలో అసలు మలుపు మాత్రం జనరల్ ఎలక్ట్రిక్‌లో కేథరిన్ బ్లాడ్జెట్‌ది. నీటి మీద తేలే, అణువంత మందమున్న పొరలను ఆమె గాజు మీదికి ఒకదానిపై ఒకటి ఎక్కించింది. తర్వాత ఆ పొరల్లోని కొవ్వు ఆమ్లాన్ని ద్రావణితో కరిగించి తీసేసి, ఖాళీలు నిండిన అస్థిపంజరం లాంటి పొరను మిగిల్చింది. గుణకం దిగొచ్చింది. తంతువుల పూతలు ఆ పనినే కరిగించే అవసరం లేకుండా చేస్తాయి: అడ్డదిడ్డంగా పడ్డ పోగుల నడుమ సందులు వాటంతటవే ఏర్పడతాయి. లెక్క వేస్తే, గుణకం 1.23కి దిగాలంటే పూతలో రమారమి 60 శాతం గాలే ఉండాలి. 2006లో టోక్యో విశ్వవిద్యాలయంలో సైతో, ఇసోగాయ్ చెక్క సెల్యులోజ్‌ను 3-4 నానోమీటర్ల పోగులుగా విడదీశారు. మరుసటి ఏడాది మిషిగన్ విశ్వవిద్యాలయంలో కోటోవ్ బృందం సెల్యులోజ్ పోగులను పొరపొరగా పేర్చి పరావర్తనాన్ని తగ్గించి చూపింది. 2016లో కెయో విశ్వవిద్యాలయం నుంచి పీత డొప్పల కైటిన్ పూత వచ్చింది.

గాలి ఉన్నచోట తేమ చేరదా అన్న ఆక్షేపణ బలమైనదే. నీటి గుణకం 1.33, సందులు నీటితో నిండితే పూత గుణం దెబ్బతింటుంది, సెల్యులోజ్ ఉబ్బుతుంది కూడా. పోగులను రసాయన బంధాలతో కట్టేస్తే ఈ బాధ తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. సహజమైనది కాబట్టి మేలన్న వాదన నిలవదు: డొప్పల నుంచి కైటిన్ తీయడానికి ఆమ్లమూ క్షారమూ కావాలి. అసలు తేడా వేడి దగ్గర ఉంది: మెగ్నీషియం ఫ్లోరైడ్ గట్టిపడాలంటే గాజును సుమారు 300 డిగ్రీలకు వేడిచేయాలి. ఆ వేడికి మామూలు ప్లాస్టిక్ ఆగదు. తంతువుల పూతకు మామూలు గది వేడిలో నీటి ద్రావణంలో ముంచి తీస్తే చాలు. కాబట్టి వేడికి తట్టుకునే గాజు కటకం మీద మెగ్నీషియం ఫ్లోరైడ్ పూతదే పైచేయి. వంగే ప్లాస్టిక్ పొరల మీదే నానోతంతువులకు చోటు.