ఎర్రచందనం: చేవ పరిశోధన, అడవి పునరుద్ధరణ

ఎర్రచందనం (శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలైనస్) తూర్పు కనుమల దక్షిణ భాగంలో మాత్రమే సహజంగా పెరిగే చెట్టు. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల రాతివాలులు దీని సొంత నేల. గంధపు చెట్టుతో దీనికి చుట్టరికం లేదు, ఆ పరిమళమూ లేదు. చిక్కుడు కుటుంబానికి చెందిన ఇది ఏగిస చెట్టుకు దగ్గరి బంధువు. దీని విలువంతా చేవలోనే ఉంది. అడవికి చేటు తెచ్చిందీ ఆ చేవే.

వ్యాపారం

తొలినాళ్లలో యూరప్ దీన్ని రంగు కోసం కొనేది. చేవలోని శాంటాలిన్ అనే ఎర్రని పదార్థం నీళ్లలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. దాంతో ఉన్ని బట్టలకు అద్దకం వేసేవారు. 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో కృత్రిమ రంగులు రావడంతో ఆ గిరాకీ పడిపోయింది. ఇక్కడ మాత్రం ఇంటి స్తంభాలకూ, బొమ్మల కొలువులో కూర్చునే తిరుపతి చెక్కబొమ్మలకూ ఈ కలప వాడుతూనే వచ్చారు.

తర్వాత తూర్పు ఆసియా నుంచి గిరాకీ వచ్చింది. జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీవాద్యం మెడను ఈ చెక్కతో చేస్తారు. చైనాలో ఖరీదైన ఫర్నిచర్ చేస్తారు. పోగులు అలలు తిరిగిన దుంగకు మామూలు దుంగకంటే ఎంతో ఎక్కువ ధర పలుకుతుంది.

చేవను కొలవడం

చెట్టు కొట్టకుండా చేవ ఎంత ఉందో తెలుసుకోవడానికి ఇంక్రిమెంట్ బోరర్ అనే బోలు బరమాను మానులోకి తిప్పుతారు. పెన్సిల్ కంటే సన్నని చెక్కపుల్ల బయటికొస్తుంది. బెరడువైపు పాలిపోయిన పైచెక్క, లోపలివైపు ముదురెరుపు చేవ స్పష్టంగా కనిపిస్తాయి. చేవ బాగా ముదిరిన ముక్క నీటిలో వేస్తే మునుగుతుంది.

ఇలాంటి కలప పరిశోధనకు ప్రత్యేక సంస్థలున్నాయి. 1906లో డెహ్రాడూన్‌లో ఏర్పడిన అటవీ పరిశోధన సంస్థకు 1991లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. అక్కడ కలప శాస్త్రంలోనూ పీహెచ్‌డీ చేయవచ్చు. బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థ ఎర్రచందనం మీదా పరిశోధనలు చేసింది.

అడవిని తిరిగి నిలబెట్టడం

ఈ కలప కోసం అడవిలో చొరబడే దొంగలు లావైన, చేవదేలిన మానులనే ఎంచి నరుకుతారు. దాంతో మేలైన విత్తనాలిచ్చే తల్లిచెట్లే ముందుగా పోతాయి. రెక్కలున్న కాయల పెంకు గట్టిది కావడంతో మొలకలు తక్కువ. అయితే నరికిన మొదలు చిగురిస్తుంది. అందుకే మొక్కలు నాటినంత మాత్రాన సరిపోదు. మంటలు, పశువుల మేత లేకుండా ఆ పిలకలను కాపాడటమూ పునరుద్ధరణే.

అంతర్జాతీయ వాణిజ్యాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఈ చెట్టు 1995లో చేరింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2018లో దీన్ని ముప్పుకు చేరువలో ఉన్న వర్గంలోకి మార్చినా, 2021లో మళ్లీ అంతరించే ప్రమాదమున్న జాతుల్లో పెట్టింది. 2019 నుంచి పట్టా భూముల్లో సాగుచేసిన కలప ఎగుమతికి వీలు కలిగింది. ఆంధ్రప్రదేశ్‌లో సొంత పొలంలోని ఎర్రచందనమైనా సరే, కొట్టడానికీ తరలించడానికీ అటవీశాఖ అనుమతి తప్పనిసరి.