ఉద్దెర లేని దుకాణం: రోచ్‌డేల్, 1844



ఈ రోజు ఇంగ్లాండులోని ఒక చిన్న కిరాణం ముచ్చట చెప్తా. దాన్ని పెట్టింది సేట్లు కాదు, మనలాంటి కూలీలే. నెలాఖరుకు బకాలా ఖాతా చూసి గుండె గుభేలుమనే వాళ్లందరూ చదవాల్సిన చరిత్ర ఇది.

రోచ్‌డేల్ మాంచెస్టర్ దగ్గరి ఊరు. వందల ఏళ్లుగా సంత జరిగే ఊరే, విక్టోరియా రాణి కాలానికి మిల్లుల ఊరైంది. ఫ్లానెల్ బట్ట నేసేవాళ్లు ఎక్కువ. అప్పట్లో కూలీ చేతికి వచ్చేది సాధారణంగా శనివారమే. అందుకే ఆ రాత్రి సంత బాగా పొద్దుపోయేదాకా నడిచేది. ఫ్రిజ్‌లు లేని కాలం. మిగిలిన మాంసం పాడవుతుందని కసాయి చివర్లో ధర తగ్గిస్తే, పేదోళ్లు దాని కోసమే ఆగేవాళ్లు.

మిగతా వారమంతా ఉద్దెరే. శనివారం వచ్చిన కూలీ పాత బాకీకి పోయేది, సోమవారం మళ్లీ ఖాతా మొదలు. బాకీ ఉన్నోడు ఇంకో దుకాణానికి పోలేడు. ధర ఎక్కువేసినా, తూకం తగ్గినా నోరు మెదపలేడు. కొన్ని చోట్ల యజమానే దుకాణం పెట్టి, కూలీకి పైసల బదులు సరుకో చీటీయో ఇచ్చేవాడు. అలాంటి దుకాణాన్ని 'టామీ షాప్' అనేవాళ్లు. కూలీ నాణేల్లోనే ఇవ్వాలని 1831లో చట్టం చేసినా ఆ పద్ధతి వెంటనే పోలేదు.

కల్తీ సంగతి ఇంకా ఘోరం. రొట్టె తెల్లగా కనిపించాలని పటిక కలిపేవాళ్లు. వాడేసిన టీ ఆకు ఎండబెట్టి, రంగేసి మళ్లీ అమ్మేవాళ్లు. 1858లో బ్రాడ్‌ఫర్డ్ సంతలో అమ్మిన మిఠాయి తిని 20 మంది దాకా చచ్చిపోయారు. చక్కెర ఖర్చు తగ్గించడానికి కలిపే సుద్దలాంటి పొడి బదులు పొరపాటున ఆర్సెనిక్ విషం పడింది. పొరపాటు విషంలో జరిగింది గానీ, కల్తీ మాత్రం రోజూ జరిగేదే. కల్తీ మీద గట్టి చట్టం 1875లో గానీ రాలేదు.

రోచ్‌డేల్ కూలీలు చట్టం కోసం ఆగలేదు. నేతగాళ్లు, ఇతర పనివాళ్లు కలిసి వారానికి రెండు మూడు పెన్నీల చొప్పున కూడబెట్టి 28 పౌండ్లు పోగేశారు. 1844 డిసెంబర్ 21 సాయంత్రం టోడ్ లేన్ అనే వీధిలో దుకాణం తెరిచారు. లోపల ఉన్నదల్లా కాస్త గోధుమ పిండి, ఓట్స్ పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు. చూసినోళ్లు నవ్వారంటారు.

వాళ్ల నియమాలు సీదా సాదా. సరుకు కల్తీ లేనిది, తూకం సరైనది. సభ్యుడు ఎంత పెట్టుబడి పెట్టినా ఒక్కటే ఓటు. లాభం వస్తే, ఎవరు ఎంత సరుకు కొన్నారో ఆ లెక్కన వాళ్లకే తిరిగి పంచాలి. అన్నిటికంటే ముఖ్యం, ఉద్దెర లేదు. ఎందుకంటే అదే ఊళ్లో పదేళ్ల కిందట పెట్టిన ఇలాంటి దుకాణం ఉద్దెర ఇచ్చి ఇచ్చి మునిగింది.

ఈ నియమంతో ఒక బాధ కూడా ఉంది. చేతిలో నాణెం లేని నిరుపేదకు అక్కడ పిండి దొరకదు. వాడు మళ్లీ ఖాతా దుకాణానికే పోవాలి. అది దాచిపెట్టాల్సిన విషయం కాదు.

అయినా దుకాణం నిలబడింది. ఏడాదికి సభ్యులు 74 అయ్యారు, 1860కి 3,450. ప్రపంచంలోని సహకార సంఘాల సూత్రాలకు మూలం ఆ దుకాణం నియమాలే. మన ఊళ్ల సంఘంలో ఎకరం ఉన్నోడికీ, పదెకరాలు ఉన్నోడికీ ఒకే ఓటు ఉందంటే, ఆ మాట టోడ్ లేన్ నుంచి వచ్చిందే.

మన రూముల్లో మెస్ లెక్క ఉంటుంది కదా. పది మంది పైసలు వేసుకుని బియ్యం బస్తా, నూనె డబ్బా రొక్కానికి తెచ్చి, నెలాఖరుకు తలా ఇంత అని తేల్చుకుంటాం. అది చిన్న పని అనుకోవద్దు. రోచ్‌డేల్ వాళ్లు మొదలుపెట్టిందీ పిండి బస్తాతోనే. లెక్క రాసేవాడు నిజాయితీగా ఉండాలి, రాసింది అందరూ చూడాలి. జీతం మీద బకాలా వాడి పెత్తనం తగ్గేది అక్కడే.