తనంతట జరుగు తలుపు

బందరు సముద్రపుగాలి విసరుగా వీచునాడు పామిడిముక్కల, గుడివాడ పట్టులలో వీధితలుపు ఎట్లు కొట్టుకొనునో మనమెరుగుదుము. అమెరికాలో టెక్సాస్ తీరముననున్న కార్పస్ క్రిస్టి పట్టణమునకును అదే బాధ. గాలికి రెక్కతలుపులు నిలువకుండుట చూచి, 1954లో హార్టన్, హ్యూవిట్ అను ఇరువురు తనంతట ప్రక్కకు జరుగు తలుపును యోచించిరి. 1960లో మొదటిది ఆ నగర కార్యాలయమున అమరినది. దానిని తెరచినది వాకిట పరచిన మీటలచాప, తొక్కినవారికే దారి!

చాప స్థానమునకు తరువాత పరారుణ కిరణములు వచ్చినవి. ఎరుపునకు ఆవల కంటికి కానరాని ఈ కిరణములను 1800లోనే విలియం హెర్షెల్ ఉష్ణమాపకముతో పట్టుకొనెను. వీనితో పనిచేయు యంత్రపు కన్నులలో ఒక జాతి మనిషి ఒంటివేడిమిని పసిగట్టును. రోహిణికార్తెలో మన గాలియే 37 డిగ్రీలను అందుకొనునపుడు మనిషికిని పరిసరమునకును భేదము తగ్గి అది మందగించును. తానే కిరణమును నేలకు పంపి, తిరిగివచ్చుదానిలోని మార్పును కనిపెట్టునది మన డెల్టాకు మేలని మా తలంపు. అయితే బిగించునపుడు దాని వంపు సరిచూడవలెను. తలుపురెక్కయే దాని చూపులో పడెనా, తలుపు తన కదలికకు తానే తెరచుకొనుచుండును. మరియొక మాట. కదలికను మాత్రమే చూచు కన్ను గడపపై ఆగి ఊపిరి తీసికొను ముసలమ్మను చూడదు. తలుపు ఆమెపై మూసికొనకుండ గడపవెంబడి వేరొక కిరణము కావలియుండవలెను.